పార్లమెంటు ఎన్నికల పద్ధతిని మార్చవలయునా?

ఎన్నికలు వచ్చినప్పుడెల్ల ఓటు ఎవరికి వేయవలెనను చర్చ ప్రతి యింటను జరుగును. వేసిన ఓట్లను ఏ రీతిగా లెక్కించి స్థానములుగా మార్చుచున్నారను చర్చ మాత్రము పురుషులలోనే యరుదు. మన స్త్రీలలో మరింత యరుదు. అంగడిలో ధాన్యము కొనునప్పుడు కుంచపు అడుగు సొట్టపడినదేమో యని తిప్పి చూడని గృహిణి యుండదు. ధాన్యమెంత మేలైనదైనను కొలత తప్పినచో ఇంటికి చేరునది తక్కువయే. ఓటు విషయమున మనము డెబ్బది యేండ్లకు పైగా ధాన్యమునే పరీక్షించుచు కుంచమును మరచితిమి. ఈ కుంచమును మార్చవలయునా యను ప్రశ్న నేటివరకు పండితుల నివేదికలలో మాత్రమే తిరుగుచున్నది. దానిని వంటయింటి వరకు తేవలెనని మా యుద్దేశము.

మన పద్ధతి వినుటకు సులభమైనది. ఒక నియోజకవర్గమునకు ఒక స్థానము. ఒక యోటరునకు ఒక యోటు. అందరికంటె ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలిచినట్లు. సగము ఓట్లు రావలెనను నియమము లేదు. దీని స్వభావమును చిన్న యుదాహరణముచే చూపుదుము. కార్తీకమాసమున మా వీధి స్త్రీలు ముప్పదిమంది పాకాల చెరువు గట్టునకు వనభోజనములకు పోయిరనుకొనుడు. ఒకటే కూర వండవలెను. పండ్రెండుగురు వంకాయ యనిరి. పదిమంది చిక్కుడుకాయ యనిరి. ఎనమండుగురు గుమ్మడికాయ యనిరి. వంకాయయే వండుదురు, దానిని కోరనివారు పదునెనిమిదిమంది యైనను సరియే. ఇంతవరకు సర్దుకొనవచ్చును. కాని ఊరిలోని పదునేడు వీధులవారును వేర్వేరు పొయ్యిలు పెట్టుకొని, ప్రతి పొయ్యివద్దను ఇదే లెక్క వచ్చినచో, గట్టుమీది పదునేడు గిన్నెలలోను వంకాయయే యుడుకును. చిక్కుడు కోరిన నూటడెబ్బదిమందికిని, గుమ్మడి కోరిన నూటముప్పదియారుగురికిని ఒక్క గరిటెడైనను దక్కదు. ఒక పొయ్యివద్ద స్వల్పముగా తోచిన లోపము పదునేడు పొయ్యిలయందు చేరి కొండంత యగును.

పదునేడను సంఖ్యను ఊరకే చెప్పలేదు. మా తెలంగాణమునకు లోకసభలో ఉన్న స్థానములు పదునేడే. 2024వ సంవత్సరపు ఎన్నికలలో కాంగ్రెసునకు నూటికి సుమారు 40 ఓట్లును, భారతీయ జనతాపక్షమునకు 35 ఓట్లును వచ్చినవి. చెరి యెనిమిది స్థానములు లభించినవి. భారత రాష్ట్ర సమితికి నూటికి 16కు పైగా, అనగా ముప్పదియైదు లక్షలకు మించి ఓట్లు పడినవి. స్థానము ఒక్కటియు లేదు. హైదరాబాదున మజ్లిసు పక్షమునకు రాష్ట్రమంతట కలిపి నూటికి 3 ఓట్లే; స్థానము ఒకటి. పదునారు పోగైనచోట సున్న, మూడు పోగైనచోట ఒకటి యేల వచ్చినదన, మూడు ఒక్కచోట కుప్పగా నుండెను. పదునారు చేనంతట చల్లినట్లుండెను. ఈ పద్ధతి ఓట్ల మొత్తమును చూడదు, కుప్పలను చూచును.

కృష్ణకావలి సోదరుల సంగతియు నిట్టిదే. ఆంధ్రప్రదేశమున 2024లో వై.ఎస్.ఆర్. కాంగ్రెసునకు నూటికి 39కి పైగా ఓట్లు వచ్చి నాలుగు స్థానములు వచ్చినవి. తెలుగుదేశమునకు నూటికి 38కి కొంచెము లోపు వచ్చి పదునారు వచ్చినవి. ఇందొక న్యాయము చెప్పవలెను. తెలుగుదేశము ఇరువదియైదింట పదునేడుచోట్లనే పోటీచేసి మిగిలినవి మిత్రపక్షములకు విడిచినది; కూటమి మొత్తమునకు సగమునకు పైగా ఓట్లు కలవు. అయినను ఇరువదియైదింట ఇరువదియొకటి యనునది సగమునకు మించిన దానికి తగిన వాటా కాదు. ఏ పక్షముమీదను జాలితో మేమీ మాటలనుట లేదు. అయిదేండ్లకు ముందు 2019లో ఇదే కుంచము వై.ఎస్.ఆర్. కాంగ్రెసునకు నూటికి సుమారు 50 ఓట్లకు ఇరువదిరెండు స్థానములిచ్చి, 40 ఓట్లు తెచ్చుకొన్న తెలుగుదేశమునకు మూడే యిచ్చినది. తెలంగాణమున 2014లో తెలంగాణ రాష్ట్ర సమితి మూడవవంతు ఓట్లతో పదునొకండు స్థానములు గెలిచినది. ఆనాడు వారును కొలతను గూర్చి పలుకలేదు. గెలిచిన నాడు కుంచమును మెచ్చుకొనుటయు, ఓడిన నాడు అంగడివానిని నిందించుటయు అన్ని పక్షములకును సామాన్యమే.

ఈ విచిత్రమునకు మా ప్రాంతము పాత సాక్షి. మా నర్సంపేటకు చేరువనున్న లక్నేపల్లిలో పుట్టిన పాములపర్తి వేంకట నరసింహారావుగారు 1984లో హనుమకొండ లోకసభ స్థానమునకు పోటీచేసి చందుపట్ల జంగారెడ్డిగారి చేతిలో ఓడిరి. దేశమంతట ఆయేడు భారతీయ జనతాపక్షము గెలిచిన స్థానములు రెండే. అందొకటి ఈ హనుమకొండ. ఆ పక్షమునకు దేశములో నూటికి 7కు పైగా ఓట్లు వచ్చినవి. మన తెలుగుదేశమునకు దేశపు లెక్కలో నూటికి నాలుగింటికి కొంచెము పైగా మాత్రమే వచ్చెను, స్థానములు ముప్పది. పార్లమెంటులో ప్రతిపక్షములలోకెల్ల పెద్దదై కూర్చున్నది. ఎక్కువ ఓట్లకు రెండు, తక్కువ ఓట్లకు ముప్పది! కాంగ్రెసో, సగమునకు లోపు ఓట్లతోనే నాలుగువందలు దాటినది. నరసింహారావుగారు మహారాష్ట్రమందలి రాంటెక్కున కూడ నిలిచి గెలిచియుండిరి గనుక సభకు పోగలిగిరి. ఆ హనుమకొండ స్థానము 2008 నాటి పునర్విభజనలో లేకుండపోయినది.

ఇన్నాళ్లుగా ఉన్నదానిని కదపరాదు, పెద్దలు పెట్టినదానిని మార్చరాదు అనువారు కలరు. వారికి చరిత్ర గుర్తుచేయవలసి యున్నది. ఈ పద్ధతి మొదటినుండి ఇట్లే యుండలేదు. నిజాం పాలనలో 1939లో ప్రకటించిన సంస్కరణలలో ప్రాంతమును బట్టి గాక వృత్తులను, ప్రయోజనములను బట్టి స్థానములు పంచుటకు పూనిరి. అది ప్రజాప్రభుత్వము కాదు గనుక దానిని విడిచెదము. స్వతంత్ర భారతముననే 1952 నాటి తొలి లోకసభ యెన్నికలలో 314 నియోజకవర్గములు ఏకసభ్యములు, 86 ద్విసభ్యములు, ఒకటి త్రిసభ్యము. ద్విసభ్యములందు ఒక స్థానము సాధారణము, ఒకటి షెడ్యూల్డు కులములకో తెగలకో ప్రత్యేకించినది. ఓటరునకు రెండు ఓట్లు. రెండును ఒకరికే వేయరాదు. నల్లగొండ అట్టి ద్విసభ్య నియోజకవర్గమే. అచట రావి నారాయణరెడ్డిగారికి మూడులక్షలకు పైగా ఓట్లు వచ్చి, దేశమున నెహ్రూగారికంటె నెక్కువ ఓట్లు పొందినవారని పేరువడిరి. ఆ పేరును చెప్పుకొనువారు, అచటి ఓటరునకు రెండేసి ఓట్లు కలవన్న సంగతిని తరచుగా విడిచిపెట్టుదురు!

ఈ ద్విసభ్య పద్ధతి పోయిన కథలో తెలుగువారే కథానాయకులు. 1957లో పార్వతీపురము ద్విసభ్య నియోజకవర్గము. ఒక స్థానము గిరిజనులకు ప్రత్యేకించినది. అంతకుముందు కేంద్రమున కార్మికమంత్రిగా నుండిన వరాహగిరి వేంకటగిరిగారు సాధారణ స్థానమును కోరి నిలిచిరి. గిరిజన అభ్యర్థులుగా బిడ్డిక సత్యనారాయణగారును, డిప్పల సూరిదొరగారును నిలిచిరి. లెక్కింపు నియమమిట్లుండెను: మొదట గిరిజనులలో అత్యధికముగా ఓట్లు వచ్చినవారికి ప్రత్యేక స్థానమీయవలెను; పిమ్మట మిగిలినవారందరిలో, ఎవరైనను సరియే, అత్యధికముగా వచ్చినవారికి రెండవ స్థానమీయవలెను. సత్యనారాయణగారు మొదటి స్థానమును పొందిరి. మిగిలినవారిలో సూరిదొరగారికి గిరిగారికంటె కొన్ని వందల ఓట్లు హెచ్చుగా వచ్చినవి. రెండు స్థానములును గిరిజనులకే చెందినవి.

గిరిగారు న్యాయస్థానమునకు పోయిరి. ప్రత్యేక స్థానమునకని నామపత్రము వేసినవారు సాధారణ స్థానమునెట్లు పొందుదురనియు, సూరిదొరగారు క్షత్రియాచారములను స్వీకరించినందున గిరిజనులే కారనియు వాదము నడిచినది. 1959లో సుప్రీముకోర్టు ఆ వాదమును త్రోసివైచి ఎన్నికను నిలిపినది. గిరిజనుడు సాధారణ పౌరుడు కాకపోడు. తన ఓట్లబలముచే సాధారణ స్థానమును గెలుచుట యతని హక్కే. మా బుద్ధికిని ఆ తీర్పు సమంజసముగనే తోచుచున్నది. కాని పెద్ద నాయకులకు ఈ ఫలితము మింగుడుపడలేదు. 1961లో పార్లమెంటు ద్విసభ్య నియోజకవర్గముల రద్దు చట్టమును చేసినది. 1962 ఎన్నికలనుండి అన్నియు ఏకసభ్యములే. కావున పార్లమెంటు ఎన్నికల పద్ధతిని మార్చుట మహాపాతకమేమియు కాదు; ఒకమారు మార్చియే యున్నారు, అదియు మెల్లగా గాక చకచక మార్చిరి. పీడితులైన వారు పెద్దవారైనప్పుడు మార్పు త్వరగా వచ్చును కాబోలు.

గిరిగారి కథ అంతటితో ముగియలేదు. 1969లో రాష్ట్రపతి పదవికి ఆయనయు నీలం సంజీవరెడ్డిగారును పోటీపడిరి, ఇరువురును తెలుగువారే. రాష్ట్రపతి ఎన్నికలో పద్ధతి వేరు. ఓటరు తనకు మొదట నచ్చినవారికి 1 అనియు, తరువాతివారికి 2 అనియు వరుసగా అంకెలు వేయును. మొత్తములో సగమునకు పైగా వచ్చినగాని గెలుపు లేదు. ఆ నాడు చెల్లిన ఓట్ల విలువ 8,36,337, కావలసినది 4,18,169. మొదటి లెక్కలో గిరిగారికి 4,01,515, సంజీవరెడ్డిగారికి 3,13,548, చింతామణి దేశముఖుగారికి 1,12,769 వచ్చినవి. ఎవరికిని సగము రాలేదు. అప్పుడు అట్టడుగుననున్నవారిని ఒక్కొక్కరినే తొలగించి, వారికి ఓటు వేసినవారి తరువాతి కోరికలను చూచి పంచిరి. తుదకు గిరిగారికి 4,20,077, సంజీవరెడ్డిగారికి 4,05,427. దేశముఖుగారి ఓటర్లలో ఎక్కువమంది రెండవ కోరికగా రెడ్డిగారినే వ్రాసిరని ఈ లెక్కయే చెప్పుచున్నది. అయినను గిరిగారు గట్టెక్కిరి. పండ్రెండేండ్ల క్రితము ఒక నియమము ఇంటికి పంపిన మనిషిని మరియొక నియమమున పరీక్షించి రాష్ట్రపతి భవనమునకు పంపిరి. రాజ్యసభ సభ్యులను శాసనసభ్యులెన్నుకొనునదియు ఈ వరుస కోరికల పద్ధతిచేతనే. అనగా మన ప్రజాప్రతినిధులు తాము ఓటు వేయవలసివచ్చినప్పుడు సూక్ష్మమైన త్రాసును వాడుకొందురు. మనకు మాత్రము కుంచమిచ్చిరి.

దీనికొక సమాధానము కలదు. 1949 జనవరిలో రాజ్యాంగసభయందు దామాషా పద్ధతి కావలెనని కాజీ సయ్యద్ కరీముద్దీనుగారు కోరగా అంబేద్కరుగారు వలదనిరి. అక్షరాస్యత చాలని దేశమునకు ఆ లెక్క కష్టమనియు, సభ ముక్కలుముక్కలై ప్రభుత్వము నిలువజాలదనియు ఆయన భయపడెను. ఆనాటికది సత్యమే. 1951 జనగణనలో అక్షరములు వచ్చినవారు నూటికి పదునెనమండుగురు; స్త్రీలలో తొమ్మండుగురును లేరు. తొలి ఎన్నికలలో ప్రతి యభ్యర్థికిని ఒక్కొక్క పెట్టె పెట్టి దానిపై గుర్తు అంటించిరి. ఓటర్ల పట్టికలో తమ పేరు చెప్పక ఫలానావాని భార్య, ఫలానావాని తల్లి యని వ్రాయించుకొన్న సుమారు ఇరువదియెనిమిది లక్షల స్త్రీలను ఎన్నికల ప్రధానాధికారి సుకుమార్ సేనుగారు పట్టికనుండి తొలగింపవలసి వచ్చెను. సొంతపేరు చెప్పుటకే సిగ్గుపడిన కాలమున 1, 2, 3 అని వరుస వేయుమనుట యెట్లు?

ఇప్పుడా కష్టము తీరినదా? అక్షరములు పెరిగినవి, కాని మేము మా జిల్లాలో చూచినదానిని దాచరాదు. వరంగల్లు, ఖమ్మము, నల్లగొండ పట్టభద్రుల నియోజకవర్గమునుండి శాసనమండలికి సభ్యుని ఎన్నుకొనునది ఈ వరుస కోరికల పద్ధతిచేతనే. 2021లో డెబ్బదియొక్కమంది అభ్యర్థులు నిలిచిరి. ఓటు కాగితము పెండ్లిపత్రికవలె గాక పరుపుగుడ్డవలె నుండెనని మా యింటివారు హాస్యమాడిరి. ఎవరికిని మొదటి కోరికతో సగము రానందున లెక్కింపు రాత్రింబగళ్లు కొన్ని దినములు సాగెను. ఇరువది వేలకు పైగా ఓట్లు చెల్లలేదు. వేసినవారందరును పట్టభద్రులే! చదువురాని ముసలమ్మ యంత్రముమీద బొత్తామును తప్పులేకుండ నొక్కుచుండగా పట్టా పొందినవారు అంకె వేయుటలో తడబడిరి. కావున లోకసభకు ఈ వరుస కోరికల పద్ధతి మాకంతగా రుచింపదు. రెండు వేర్వేరు బొత్తాములు నొక్కుట యైనచో ఎవరికిని కష్టము కాదు.

దామాషా పద్ధతియనగా ఏమో రెండు మాటలలో చెప్పెదము. రాష్ట్రమంతటను ఒక నియోజకవర్గముగా చూచి, పక్షములు ముందుగా తమ పేర్ల జాబితాలను ప్రకటించును. ఓటరు పక్షమునకు ఓటు వేయును. నూటికి ఎన్ని ఓట్లో ఆ పాళముననే స్థానములు. పై వనభోజనములో మూడు కూరలును వండి, తలలనుబట్టి గిన్నెలు పంచుటయే ఇది. 2024లో తెలంగాణమున ఇట్లు పంచియుండినచో పదునేడింట సుమారు ఏడు, ఆరు, మూడు, ఒకటిగా వచ్చియుండెడివి.

స్త్రీలకు దీనివలన లాభమేమి? ఇదియే మమ్మీ వ్యాసమునకు పురికొల్పినది. 2024లో ఎన్నికైన లోకసభలో 543 మందికి స్త్రీలు 74 మంది. ఏడింట ఒకవంతును లేదు. తెలంగాణమునుండి వరంగల్లున కడియం కావ్యగారు, మహబూబునగరమున డి.కె. అరుణగారు, పదునేడింట ఇద్దరే. ఆంధ్రప్రదేశమునుండి ఇరువదియైదింట ముగ్గురు. ఒక స్థానమునకు ఒక్కరినే నిలుపవలసి వచ్చినప్పుడు పక్షములు ధనము, బలగము, కులము లెక్కించి మగవారినే నిలుపును. అడిగినచో స్త్రీ గెలువదేమో యనును. పది పేర్ల జాబితా వ్రాయవలసి వచ్చినప్పుడు పదింటను మగవారినే వ్రాయుటకు వారికిని ముఖము చెల్లదు. న్యూజిలాండువారు 1993లో ప్రజలనడిగి పాత పద్ధతిని విడిచి, స్థానిక సభ్యులను జాబితాను కలిపిన మిశ్రమ పద్ధతిని గైకొనిరి. 1993లో వారి సభలో స్త్రీలు నూటికి ఇరువదియొకరు. కొత్త పద్ధతితో 1996లో ఇరువదితొమ్మండుగురు. 2022లో సగమును దాటిరి. పొరుగుననున్న నేపాళమున 2022 ఎన్నికలలో మన పద్ధతివంటిదానిచే నింపిన 165 స్థానములలో గెలిచిన స్త్రీలు తొమ్మండుగురే. మూడవవంతు స్త్రీలుండవలెనను రాజ్యాంగ నియమమును 110 జాబితా స్థానములచేతనే తీర్చిరి.

జాబితా పద్ధతియే స్త్రీలను తెచ్చునని మాత్రము మేమనుకొనుట లేదు. సింహళమున 1978 రాజ్యాంగమునుండి దామాషా పద్ధతియే కలదు; అయినను 2020లో 225 మందిలో ఎన్నికైన స్త్రీలు పండ్రెండుగురే. అచట జాబితాలోనివారే ఒకరితోనొకరు వ్యక్తిగతమైన ఓట్లకై పోటీపడవలెను. మరల ధనమును బలగమునే జయించినవి. పద్ధతి పాత్రవంటిది, అందేమి పోయవలెనో నియమమును కూడ వ్రాసికొనవలెను.

స్త్రీలకు మూడవవంతు స్థానములు ప్రత్యేకించుచు 2023లో రాజ్యాంగ సవరణము చేసిరి గదా, ఇంకేమి కావలెనని సోదరీమణులడుగవచ్చును. ఆ చట్టము వచ్చినప్పుడు మేమును సంతోషించితిమి. అందు జనగణన, ఆపై పునర్విభజన జరిగిన తరువాతనే యను నియమమును చేర్చిరి. అంతకంటె మాకు శంక కలిగించునది స్థానములు మారుచుండుననుట. ఈమారు స్త్రీకి ప్రత్యేకించిన స్థానము ముందుముందు కాకపోవచ్చును. పంచాయతులలో ఇది చూచుచునే యున్నాము. తెలంగాణమున స్థానిక సంస్థలలో సగము స్త్రీలవే; పేరు భార్యది, పెత్తనము భర్తది యను చోట్లు నేటికిని కలవు. పని నేర్చుకొని గట్టిగా మాటలాడుట మొదలిడునప్పటికి స్థానము మారిపోవును. జాబితాలో ఒక పేరు స్త్రీది, ఒక పేరు పురుషునిది యను నియమమున్నచో ఏ యూరి స్థానమును ఎవరినుండియు లాగుకొనవలసిన పనియే లేదు.

ఇక ఆక్షేపణములు. ప్రభుత్వములు కూలుననుట మొదటిది. మహాభారతమున శాంతిపర్వమందు భీష్ముడు గణరాజ్యములను గూర్చి ధర్మరాజునకు చెప్పుచు, వానికి శత్రువులకంటె లోపలి భేదమే చేటని హెచ్చరించినాడు. ఆ మాట గొప్పది. కాని నేటి పద్ధతి ఆ భేదమును మాన్పినదా? 1989 మొదలు 2009 వరకు జరిగిన ఏడు ఎన్నికలలోను ఏ ఒక్క పక్షమునకును లోకసభలో సగము స్థానములు రాలేదు. మా లక్నేపల్లివారే 1991లో చాలినంత బలములేని ప్రభుత్వమును చేపట్టి, అయిదేండ్లు నడిపి, దేశపు ఆర్థికవిధానమునే మార్చిరి. ప్రభుత్వము నిలుచుట పద్ధతిలో కంటె నడుపువారిలో ఎక్కువగా నున్నదని మా యభిప్రాయము.

రెండవ ఆక్షేపణము మాకు బలమైనదిగా తోచుచున్నది. జాబితాలను వ్రాయువారు పక్షనాయకులు. ఊరిలో మొగము తెలియనివాడును జాబితాలో మొదటి పేరైనచో సభకు పోవును. మా నర్సంపేట శాసనసభ్యుల చరిత్రయే దీనికి గట్టి ప్రత్యుత్తరము. మద్దికాయల ఓంకారుగారు పెద్ద పక్షముల యండ లేకయు ఈ ప్రాంతమువారి యభిమానముచే పలుమారులు గెలిచిరి. 2014లో దొంతి మాధవరెడ్డిగారు ఏ పక్షపు గుర్తును లేక స్వతంత్రముగా నిలిచి గెలిచిరి. కేవల జాబితా పద్ధతిలో ఓంకారుగారి చిన్న పక్షము రాష్ట్రపు లెక్కలో కనబడకపోవును. స్వతంత్ర అభ్యర్థి యనువాడు ఉండనే యుండడు. పక్షము కాదన్నవానిని ఊరు ఔననుటకు దారి మూయరాదు. లోకసభకు మేము మహబూబాబాదు నియోజకవర్గములోనివారము. అది గిరిజనులకు ప్రత్యేకించిన స్థానము. మా నర్సంపేటనుండి గోదావరి తీరపు భద్రాచలము వరకు ఏడు శాసనసభా నియోజకవర్గములు పరచుకొన్నది. ఇప్పటికే సభ్యుని దర్శనము దుర్లభము. ఆ సంబంధమును కూడ తెంపుకొని రాష్ట్రమంతటికి చెందిన పదునేడుగురిలో ఎవరినడుగవలెనో తెలియక తిరుగుట మాకిష్టము కాదు.

కావున పూర్తిగా మార్చవలెనని మేమనుట లేదు, ఉన్నదానికి చేర్చవలెననుచున్నాము. 1999లో న్యాయసంఘము తన 170వ నివేదికలో ఇట్టి మార్గమునే చూపినది. ఇప్పటి స్థానములను అట్లేయుంచి, వానికి నాలుగవవంతు, అనగా 138 స్థానములు అదనముగా చేర్చి, వానిని జాబితాలనుండి ఓట్ల పాళమునుబట్టి నింపవలెనని సూచించినది. తెలంగాణమునకు పదునేడుపై నాలుగు వచ్చుననుకొందము. 2024 ఓట్లను బట్టి ఆ నాలుగును రెండు, ఒకటి, ఒకటిగా పంచబడియుండెడివి. ముప్పదియైదు లక్షలకు మించిన ఓటర్ల తరపున మాటలాడుటకు సభలో ఒక్క కంఠమైన నుండెడిది. ఒక్కటి చాలదనువారుందురు, సున్నకును ఒకటికిని గల భేదము, పదికిని పదునొకంటికిని గల భేదమువంటిది కాదు.

అయితే ఆ నివేదికకు మేము రెండు నియమములు చేర్చెదము. జాబితాలోని పేర్లు వరుసక్రమముతో ఎన్నికకు ముందే ప్రతి పంచాయతీ కార్యాలయమునందు అంటింపవలెను. గెలిచిన తరువాత నాయకులు వరుస మార్చరాదు. ఆ వరుసలో బేసిసంఖ్య స్త్రీది కావలెను. సరిసంఖ్య స్త్రీది యన్నచో ఒకే స్థానము వచ్చినప్పుడు మరల పురుషుడే పోవును. ఈ చిన్న కిటుకును మగవారు మరువరు, మనమును మరువరాదు.

మార్పును పార్లమెంటు తానొక్కతెయే గుట్టుగా చేయరాదు. న్యూజిలాండువారు ప్రజలనడిగిన పిదపనే మార్చిరి. బ్రిటనులో 2011లో వరుస కోరికల పద్ధతిని ప్రజలముందు పెట్టగా మూడింట రెండువంతులమంది వలదనిరి, వారు ఊరకుండిరి. మన రాజ్యాంగములో అట్లు ప్రజలనడుగు విధాయకము లేకున్నను, పక్షములు తమ ప్రణాళికలలో ఈ సంగతిని వ్రాసి ఓట్లు అడుగవచ్చును. వ్రాయవు, ఏలయన ఈ కుంచముతో గెలిచినవారే దానిని మార్చవలసినవారు. 1999 నివేదికను ఏ ప్రభుత్వమును చట్టముగా చేయలేదు.

మా పొదుపు సంఘపు స్త్రీలతో ఈ వనభోజనపు లెక్కను చెప్పి చూచితిమి. మొదట నవ్విరి, పిమ్మట ఒకావిడ, అట్లయిన మా గుమ్మడికాయవాండ్రమందరము ఏ పొయ్యికి పోవలెనమ్మా యని యడిగినది. ఆ ప్రశ్నను ఉత్తరముగా వ్రాసి మా లోకసభ సభ్యునకు పంపదలచితిమి. మూడు వాక్యములే: 1999 నివేదికను తాము చదివితిరా? అదనపు స్థానములకు తాము సమ్మతింతురా? జాబితాలో మొదటి పేరు స్త్రీది కావలెనని తమ పక్షమును అడుగుదురా? క్రింద సంతకములు చేయుటకు ఇరువదియాఱుగురు ఒప్పుకొనిరి. అందరును తమ తమ పేర్లతోనే చేసిరి.